పోటు టైమ్ అడిగాకే కయాక్ ఎక్కండి

నాన్న తాళ్లరేవు నుంచి అట్లాంటా వచ్చి రెండు నెలలైంది. రోజూ సాయంత్రం అపార్ట్‌మెంట్ల చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి వచ్చి మౌనంగా కూర్చుంటున్నారు. నాకు చాలా బెంగగా అనిపించి, మొన్న శుక్రవారం రాత్రే జార్జియా తీరాన ఉన్న సవానా దాకా వెళ్లి, శనివారం పొద్దున్నే టైబీ దీవికి తీసుకెళ్లాను. దాని పక్కనే ఉన్న లిటిల్ టైబీలోకి గైడ్‌తో రోజంతా కయాక్ ట్రిప్. ఆ దీవిలో ఇళ్లూ లేవు, రోడ్లూ లేవు, పడవలో తప్ప వెళ్లలేం.

గైడ్ లేకుండా నేను మళ్లీ వెళ్లను. రెండేళ్ల క్రితం స్నేహితురాలితో కలిసి కయాక్ అద్దెకు తీసుకున్నాను. అద్దెకిచ్చినవాళ్లు లైఫ్ జాకెట్లు ఇచ్చారు గానీ పోటు (నీళ్లు పెరగడం) ఎప్పుడో, ఆటు (నీళ్లు తగ్గడం) ఎప్పుడో చెప్పలేదు, అడగాలని మాకూ తెలీదు. పాయలో ఫొటోలు తీసుకుంటుంటే చూస్తూండగానే నీళ్లు జారిపోయాయి. దిగితే మోకాళ్లు దాటి కూరుకుపోయే బురద, దాని అంచునంతా బ్లేడుల్లాంటి ఆల్చిప్పలు. మళ్లీ నీళ్లు వచ్చేదాకా ఎండలో మూడు గంటలు పడవలోనే కూర్చున్నాం. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

ఈసారి గైడ్ మ్యాప్ విప్పగానే నాన్న నా వైపు తిరిగి, "పోటు ఎన్నింటికమ్మా?" అన్నారు. అదే ఆవిడని అడిగాను. పన్నెండుకి అంది. "అంతేలే, ఇవాళ పంచమి కదా, తిథిని బట్టేగా పోటు వచ్చేది" అన్నారు నాన్న. అది కూడా ఇంగ్లీషులో చెప్పాక, ఆవిడ ఇక నన్ను వదిలేసి ఆయనకే వివరించడం మొదలుపెట్టింది, మధ్యలో నేను ఇటుదటూ అటుదిటూ చెబుతూ ఉన్నాను. జార్జియా తీరం లోపలికి వంపు తిరిగి ఉంటుంది, సముద్రం ఆ వంపులోకి ఒత్తుకొచ్చి 6 నుంచి 9 అడుగులు లేస్తుంది. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ట్రిప్ మొదలయ్యే టైమ్ కూడా రోజూ మారుతుంది. పోటుతో పాటు పాయల్లోకి వెళ్లడం, దీవిలో భోజనం, ఆటుతో పాటు వెనక్కి రావడం. అంతే ప్లాన్.

ఇద్దరం ఒకే కయాక్‌లో కూర్చున్నాం. చిన్నప్పుడు కోరంగి పాయల్లో నావ మీద తిరిగిన మనిషి, తెడ్డు ఎంత నెమ్మదిగా వేశారో! చప్పుడే లేదు. రెండు వైపులా మనిషెత్తు గడ్డి, స్పార్టినా అంటారు. ఇక్కడి చలికి మడచెట్లు బతకవు, అందుకే మడ అడవి ఉండాల్సిన చోట ఈ గడ్డి. నాన్న ఒక ఆకు మీద వేలు రాసి నాలుకకి ఆనించి, "ఉప్పు కక్కుతోందమ్మా, మన మడాకు లాగే" అన్నారు. నిజమే, రెండూ ఎక్కువైన ఉప్పుని ఆకుల మీదకే తోసేస్తాయి. నీళ్లు పెరిగేకొద్దీ చిన్న చిన్న నత్తలు గడ్డి కాడలు పట్టుకుని పైకి పాకుతున్నాయి, కింద తిరిగే పీతలకి దొరక్కుండా.

ఇదంతా మిగిలి ఉండటం మామూలు విషయం కాదు. 1960ల చివర్లో ఒక కంపెనీ ఇక్కడ ఫాస్ఫేట్ తవ్వుతానని వచ్చింది. జనం గట్టిగా ఎదిరించారు, రీడ్ హారిస్ అనే శాసనసభ్యుడు పట్టుబట్టి 1970లో ఉప్పు చిత్తడినేలలను కాపాడే చట్టం తెచ్చారు. అమెరికా తూర్పు తీరంలో మిగిలిన ఇలాంటి నేలల్లో దాదాపు మూడో వంతు ఈ ఒక్క రాష్ట్రంలోనే ఉందంటే ఆ చట్టానికి అందులో పెద్ద భాగమే ఉందని నా నమ్మకం.

తిరిగి వస్తుంటే మా ముందే రెండు డాల్ఫిన్లు లేచాయి. ఇద్దరం తెడ్లు ఒళ్లో పెట్టుకుని ఉండిపోయాం, ఆటు నీళ్లే మమ్మల్ని తీసుకెళ్లాయి.

వెళ్లాలనుకునేవాళ్లు బుక్ చేసే ముందు ఆ రోజు పోటు ఎన్నింటికో, దాన్ని బట్టి దారి ఎలా వేసుకున్నారో అడగండి. సరిగ్గా చెప్పలేకపోతే వేరేవాళ్లని చూసుకోండి. తడిసినా ఊడిపోని బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది, వసంతమో అక్టోబరో నయం.

నాన్న తిరుగు ప్రయాణానికి ఇంకా నెల ఉంది. పోటు పట్టిక ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను. "మళ్లీ ఇదే టైమ్‌కి పోటు రావాలంటే పౌర్ణమి వెళ్లాక పంచమి దాకా ఆగాలమ్మా" అని ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు.