ర్యామ్ అంచున బంగారం

కత్తెర ర్యామ్ స్టిక్ (కంప్యూటర్ మెమరీ పట్టీ) అంచు మీద పెట్టి ఆగిపోయాను. పసుపుపచ్చగా మెరిసే ఆ పళ్ల వరుసను కత్తిరించి, బంగారం తీద్దామని కూర్చున్నా. పక్కన డబ్బాలో ఇంకో పదకొండు ఉన్నాయి.

ఆ బంగారు పూత మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. మన వెంట్రుకే 70 మైక్రాన్లు ఉంటుంది! ఒక్కో స్టిక్కుకి వచ్చేది మహా అయితే కొన్ని మిల్లీగ్రాములు. డబ్బా మొత్తం కలిపినా గ్రాములో పదో వంతు దాటడం కష్టం.

దాన్ని కరిగించి తీయడానికి నైట్రిక్ యాసిడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్. పైకి లేచే గోధుమరంగు పొగ ఊపిరితిత్తులకు చేసే హాని ఒక్కోసారి గంటల తర్వాత గానీ బయటపడదు. ఆ తర్వాత రాగి, సీసం కలిసిన ఆ ద్రావణాన్ని ఎక్కడ పారబోయాలి? ఇలా బంగారం తీసే వీడియోల్లో చివర్లో మెరిసే బంగారు గుండు చూపిస్తారు గానీ, ఈ ద్రావణం మిగిలిన బకెట్టును ఎవరూ చూపించరు.

టన్నుల్లో చేసేవాళ్ల సంగతి వేరు. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్‌లో సుమారు 79 వేల టన్నుల పాత ఎలక్ట్రానిక్స్, వాటితోపాటు 62 లక్షల ఫోన్లు సేకరించారు. వచ్చిన బంగారం 32 కిలోలు. నా పన్నెండు స్టిక్కులు, పాపం!

1995 నాటి పెంటియం ప్రో కంప్యూటర్ ప్రాసెసర్ చిప్పులు ఓ గుప్పెడు దొరికి ఉంటే మాత్రం మనసు లాగేదే. వాటిలో బంగారం నిజంగానే ఎక్కువ.

కత్తెర పక్కన పడేసి, రెండు స్టిక్కులు పాత డెస్క్‌టాప్‌లో గుచ్చి చూశా. ఆన్ అయింది!