సార్‌కి శాలువా కప్పారు

పోయిన నెల మా సార్‌కి సన్మానం జరిగింది. రక్షణ రంగంలో సొంతంగా కంపెనీలు పెట్టి నిలబెట్టిన ఏడుగురిని వేదిక మీద కూర్చోబెట్టి, శాలువాలు కప్పి, చేతికి బరువైన మెమెంటోలు ఇచ్చారు. మా కంపెనీ నుంచి ఇరవై మందిమి బస్సులో వెళ్లాం. యాంకరమ్మాయి ఏడుగురికీ అదే వరస చదివింది: దార్శనికుడు, దేశం గర్వించే బిడ్డ, ఆత్మనిర్భరతకు చిరునామా. పేరొక్కటే మారింది. 2024-25లో మన రక్షణ ఎగుమతులు 23,622 కోట్లకు చేరాయని తెర మీద వేసినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

నాకు మాత్రం మా సార్ అంటే గుర్తొచ్చేది ఒక డబ్బా మూత కోసిన రోజు. అది ఆ తెర మీద వేసేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. కంపెనీ పేరు, మేం చేసే వస్తువు ఎందులోకి పోతుందో రాయను. ఈ లైన్లో ఉన్నవాళ్లకి నోరు కట్టేసుకోవడం అలవాటు.

నాంపల్లి కమలా నెహ్రూ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి 1997లో చేరాను. వైర్ బాండింగ్ నా పని. చిప్ మీద ఉండే చిన్న ప్యాడ్‌కీ, పక్కన సర్క్యూట్‌కీ మధ్య బంగారు తీగ కలపాలి. ఆ తీగ మందం 25 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో దాదాపు మూడో వంతు. మైక్రోస్కోప్‌లో చూస్తూ చెయ్యాలి. కొత్తలో ఊపిరి గట్టిగా వదిలినా చెయ్యి కదిలేది. క్లీన్ రూమ్‌లోకి పూలు పెట్టుకుని పోకూడదు, పౌడర్ రాసుకోకూడదు, గాజులు తీసేసి ఎర్త్ స్ట్రాప్ కట్టుకోవాలి. "శుక్రవారం కూడా బోడి తలతో పోతావేంటే" అని మా అమ్మ సణుగుతూనే ఉండేది.

సార్ అప్పటికి ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో సైంటిస్టు ఉద్యోగం వదిలేసి ఆరేళ్లు. క్వార్టర్స్, పెన్షన్, కార్డు చూపిస్తే చాలు ఆస్పత్రి, అన్నీ ఉన్న ఉద్యోగం. ఎందుకు వదిలారని ఒకసారి క్యాంటీన్‌లో అడిగితే, "వాళ్లకి పది కావాలమ్మా. పది చేసిచ్చేవాడు ఎవడూ లేడు" అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు టైమ్ పట్టింది. హైదరాబాద్‌కి 1962లో రక్షణ ప్రయోగశాల డీఆర్‌డీఎల్ వచ్చింది. 1970లో క్షిపణులు తయారు చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ బీడీఎల్ పెట్టారు. 1983లో కలాం గారి ఆధ్వర్యంలో క్షిపణుల కార్యక్రమం మొదలైంది. ప్రయోగశాలకి ఒక విడిభాగం పది కావాలి, పరీక్షల్లో పోతే ఇంకో పది కావాలి, ఈలోపు డ్రాయింగ్ మారిపోతుంది. పెద్ద ఫ్యాక్టరీలకి ఈ తలనొప్పి గిట్టదు. లక్ష వస్తువులైతే మెషిన్ ఆన్ చేస్తారు గానీ, పదింటి కోసం ఎవరు చేస్తారు? ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లే మన ఊళ్లోని ఈ చిన్న కంపెనీల వాళ్లు. బాలానగర్‌లో 1970లోనే మొదలైన ఎంటార్ కంపెనీ ఇస్రో రాకెట్ల వికాస్ ఇంజిన్ భాగాలు, అణు రియాక్టర్ల భాగాలు చేసింది. 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్, తూటా ఖర్చు లేకుండా సైనికులు, పోలీసులు గురి నేర్చుకునే సిమ్యులేటర్లు చేసింది. 1991లో మల్లారెడ్డి గారు, చిత్రాకర్ గారు, ప్రమీలమ్మ గారు కలిసి, రాడార్లలాంటి వాటికి మైక్రోవేవ్ భాగాలు చేసే ఆస్ట్రా మైక్రోవేవ్ పెట్టారు. మా బెంచీల మీద ప్రమీలమ్మ గారి పేరు తరచూ వచ్చేది. మైక్రోవేవ్ కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఒక ఆడమనిషి ఉందంటే మాకు అదొక ధైర్యం.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. 2001 దాకా రక్షణ ఉత్పత్తి ప్రభుత్వ రంగానికే. ప్రైవేటు వాళ్లు భాగాలు చేసివ్వొచ్చు, అంతే. అంటే వీళ్లంతా కంపెనీ పెట్టినప్పుడు కొనేవాడు ఒక్కడే. ఆ ఒక్కడు వద్దంటే ఆ వస్తువుని బజారులో అమ్ముకోలేరు. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టి, హైదరాబాద్ రక్షణ ప్రయోగశాలల్నీ జాబితాలో చేర్చింది. ఆ ఏడాది మా స్టోర్స్‌లో రావలసిన చిప్‌లు రాలేదు. వచ్చినదాన్ని మేం మందుబిళ్లల్లా లెక్కపెట్టి వాడాం.

ఇక మూత కోసిన రోజు. 2003 ఫిబ్రవరి.

పన్నెండు మాడ్యూల్స్ ఆర్డర్, అంటే లోపల సర్క్యూట్ ఉండే చిన్న లోహపు డబ్బాలు. ఎనిమిది వెళ్లిపోయాయి, వాళ్ల ఇన్‌స్పెక్టర్ సంతకం కూడా అయిపోయింది. మిగతా నాలుగూ చలికీ వేడికీ తట్టుకుంటాయో లేదో చూసే థర్మల్ ఛాంబర్‌లో ఉన్నాయి. మైనస్ 40 డిగ్రీల దగ్గర ఒకదాని గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తి, ఒక్కసారిగా పడిపోయింది. ఛాంబర్ వేడెక్కి మామూలు స్థితికి రాగానే మళ్లీ బాగుంది. మా ప్రొడక్షన్ మేనేజర్ అదే పరీక్ష ఇంకోసారి వేయించారు. పాసైంది. "కేబుల్ లూజై ఉంటుంది" అని కాగితం తయారు చేయబోయారు. నిజం చెప్పాలంటే నాకూ హాయిగా అనిపించింది. మార్చి 31 లోపు బిల్లు పడకపోతే వాళ్ల బడ్జెట్ మురిగిపోతుందని మా అందరికీ తెలుసు.

రాత్రి తొమ్మిదింటికి సార్ వచ్చారు. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి, "రెండోసారి ఎందుకు పాసైందో నాకక్కర్లేదు. మొదటిసారి ఎందుకు పోయింది?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. మూత కొయ్యమన్నారు.

లోపల నైట్రోజన్ నింపి లేజర్‌తో వెల్డింగ్ చేసిన మూత అది. కోస్తే ఆ డబ్బా ఇక పనికిరాదు. కోశారు. మైక్రోస్కోప్ కింద ఒక తీగ కొస ప్యాడ్ మీద ఊరికే ఆనుకుని ఉంది, అతుక్కుని లేదు. చలికి లోహం ముడుచుకుంటే విడిపోతుంది, వేడికి మళ్లీ తగులుతుంది. ఏ పని ఎవరు చేశారో రాసి ఉండే రూట్ కార్డ్ తిప్పి చూస్తే ఆ బాండ్ వేసింది నేనే.

కాళ్లు వణికాయి. సార్ నా వైపు చూడలేదు. "ఆ వారం ఏం మారింది?" అన్నారు. గంటసేపు వెతికితే తేలింది: ప్యాడ్లు తుడిచే ఐపీఏ (ఒక రకం ఆల్కహాల్) సీసా కొత్త సప్లయర్ నుంచి వచ్చింది. ఆరిపోయాక కంటికి కనిపించని పొర మిగులుతోంది. ఆ సీసాతో తుడిచిన ముక్క మీద తీగ వేసి, దాన్ని లాగి చూసే పుల్ టెస్ట్ చేస్తే, మూడు గ్రాముల బలానికైనా తెగకూడనిది ఒకటిన్నర గ్రాములకే ఊడి వచ్చింది.

పొద్దున్నే సార్ ప్రయోగశాలకి ఫోన్ చేసి, సంతకాలైపోయిన ఎనిమిదింటినీ వెనక్కి పంపమన్నారు. అవతల వాళ్లకి అవి బాగానే పనిచేస్తున్నాయి. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలిసే అవకాశం లేదు. సార్ మాత్రం వినలేదు.

తర్వాత కథ అంత అందంగా లేదు. మార్చి బిల్లు పోయింది. ఆలస్యానికి వారానికి అర శాతం చొప్పున కోత పడింది. ఏడో తారీకు రావాల్సిన జీతాలు ఏప్రిల్‌లో 22న వచ్చాయి, మేలో సగమే వచ్చాయి. నాకు చిట్టీ కట్టాల్సి ఉంది. సార్ మీద కోపం వచ్చింది, మనస్ఫూర్తిగా వచ్చింది. "నీతికి జీతాలు రావు" అని బస్సులో అన్నాను కూడా. ఇద్దరు మంచి ఇంజనీర్లు మానేసి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయారు. వాళ్లని నేను తప్పుపట్టను. కంపెనీ ఆ ఏడాది మునిగిపోయి ఉంటే ఈ ఫోన్ కాల్ సంగతి ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు. సార్‌కి వేదికా ఉండేది కాదు.

సభలో నాకు నచ్చనిది ఒక్కటుంది. "నూటికి నూరు శాతం స్వదేశీ" అని ఊరికే అనేస్తారు. 2020 రక్షణ కొనుగోలు నిబంధనల్లో అన్నిటికంటే పైనున్న తరగతికే స్వదేశీ వాటా 50 శాతం ఉంటే చాలన్నారు. మైక్రోవేవ్ సర్క్యూట్లలో వాడే గాలియం ఆర్సెనైడ్ చిప్‌లు మన హైదరాబాద్‌లోనే గాయెటెక్ అనే ప్రభుత్వ కేంద్రంలో తయారవుతాయి, అది నిజం. అయినా మా బెంచీ మీదకి వచ్చే ట్రేల్లో ఇప్పటికీ బయటి దేశాల లేబుళ్లు కనిపిస్తాయి. అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు, దాచాల్సిన సంగతీ కాదు. సార్ మైకు తీసుకుని ఆ మాటే అన్నారు. యాంకరమ్మాయి ముఖం కొంచెం చిన్నబోయింది. సార్ ప్రసంగం రెండు నిమిషాలే. శాలువా జారిపోతుంటే మూడుసార్లు సర్దుకున్నారు.

ఆరోజు కోసిన డబ్బా మా ట్రైనింగ్ రూమ్‌లో ఉంది. కొత్తగా చేరిన పిల్లలకి మైక్రోస్కోప్ కింద ముందు అదే పెడతాను. ఇందులో ఏ తీగ పోయిందో చెప్పమంటాను. మొదటిసారి ఎవరూ పట్టుకోలేరు. వేసింది ఎవరు మేడం అని అడుగుతారు. నేనేనని చెబుతాను.