ఒక దెబ్బ ఎక్కువ

మా విజయనగరంలో ‘అమెచ్యూర్’ అన్న మాట నాకు ఆటల ద్వారా కాక నాటకాల ద్వారా పరిచయమైంది. పగలంతా కచేరీలో దస్త్రాలు రాసి, సాయంత్రం ఇంత ఎంగిలిపడి రిహార్సలుకు పరుగెత్తే గుమాస్తాలను, బడిపంతుళ్లను పెద్దలు అమెచ్యూర్ వాళ్లనేవారు. రాత్రికింత అని మాట్లాడుకొని వచ్చేవారివి కాంట్రాక్టు నాటకాలు. ఎవరైనా మధ్యలో పద్యం మరచిపోతే, ‘పోనీలెండి, అమెచ్యూర్ కదా’ అని సర్దుకొనేవారు. అందువల్ల అమెచ్యూర్, అంటే ఔత్సాహికుడు, వృత్తిదారుని కంటే ఒక మెట్టు కింద ఉండేవాడని చాలాకాలం అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని మార్చినవారు నేను ఎన్నడూ ఆడని ఆటకు చెందిన మనిషి, పోటీల్లో ఆడినంతకాలం ఔత్సాహికుడిగానే ఉన్న అమెరికా గోల్ఫు క్రీడాకారుడు బాబీ జోన్స్.

గోల్ఫును నేను దగ్గరగా చూసింది విశాఖపట్నంలో, ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ మైదానంలో, మా మేనల్లుడు తీసుకువెళ్లినప్పుడు. ఎండలో రెండు గంటలు వాడి వెంట నడిచాక నాకు తెలిసివచ్చిన విశేషం ఒక్కటే: ఈ ఆటలో ప్రతి బంతి వెంటా అంపైరు ఉండడు. తుప్పల మధ్య, చెట్ల చాటున ఆటగాడు కొట్టే దెబ్బను చూసే కన్ను చాలాసార్లు అతడిదే. ఒక రౌండులోని 18 గుంటల్లో బంతిని వేయడానికి ఎవరు తక్కువ దెబ్బలు కొడితే వారిదే గెలుపు. పోటీల్లో ఆ దెబ్బల లెక్క తోటి ఆటగాడు రాస్తాడు గాని, అది సరైనదేనని సంతకం పెట్టవలసిన బాధ్యత ఆడినవాడిది. నేను ఆశ్చర్యపోవడం చూసి మా మేనల్లుడు, “జోన్స్ కథ నీకు తెలియదా మామయ్యా?” అన్నాడు. ఆ రాత్రి మొదలుపెట్టిన చదువు చాలా నెలలు సాగింది.

జోన్స్ 1902 మార్చి 17న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో పుట్టారు. తండ్రి వకీలు, తాత బట్టల మిల్లు యజమాని. నెల్లిమర్ల జూట్ మిల్లు సైరను వింటూ పెరిగిన మాబోటివారికి మిల్లు యజమాని మనవడికీ మిల్లు కూలీ కొడుకుకూ ఉండే దూరం వేరే చెప్పనక్కరలేదు. పసితనంలో తిన్నది ఒంటబట్టక బక్కచిక్కి ఉన్న ఆ పిల్లవాడు, ఈస్ట్ లేక్ క్లబ్బులో శిక్షకుడైన స్టీవర్ట్ మెయిడెన్ వెనకాల తిరిగి, ఆయన కర్ర ఎలా ఊపుతారో చూసి, అచ్చంగా అలాగే ఊపడం నేర్చుకున్నాడు. 14వ ఏట అమెరికా అమెచ్యూర్ పోటీకి వెళ్లాడు. ఆట మధ్యలోనే చదువూ సాగింది. జార్జియా టెక్‌లో మెకానికల్ ఇంజనీరింగు, హార్వర్డ్‌లో ఆంగ్ల సాహిత్యం చదివాక, ఎమరీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పూర్తికాకముందే పరీక్ష నెగ్గి ఆయన వకీలయ్యారు.

అయితే కుర్రతనంలో ఆయనది ముక్కుమీది కోపం. దెబ్బ తప్పితే కర్ర విసిరేసేవారు. 1921లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో, వృత్తి ఆటగాళ్లూ ఔత్సాహికులూ కలిసి ఆడే బ్రిటిష్ ఓపెన్ ఆడుతూ, మూడవ రౌండులో 11వ గుంట దగ్గర బంతి ఇసుక గోతిలో చిక్కుకొని ఎంతకూ సవ్యంగా రాకపోవడంతో, దాన్ని చేతిలోకి తీసుకొని పోటీ నుంచి తప్పుకున్నారు. అప్పటికి ఆయనకు 19 ఏళ్లు. ఆ పనికి తరువాత జీవితమంతా సిగ్గుపడ్డారు.

నాలుగేళ్లు గడిచాయి. 1925లో మసాచుసెట్స్‌లోని ఊస్టర్‌లో అమెరికా ఓపెన్ జరిగింది. మొదటి రౌండులో, గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక) పక్కన గట్టు మీది గడ్డిలో పడిన బంతిని కొట్టడానికి జోన్స్ సిద్ధమవుతుండగా కర్ర గడ్డిని తాకి బంతి కాస్త కదిలింది. నిబంధన ప్రకారం ఒక దెబ్బ అదనంగా లెక్కించాలి. తోటి ఆటగాడు వాల్టర్ హేగెన్ చూడలేదు, అధికారులు చూడలేదు. జోన్సే చెప్పగా విచారించిన అధికారులు నిర్ణయాన్ని ఆయనకే వదిలేశారు. ఆయన ఆ దెబ్బను తన లెక్కలో వేసుకొన్నారు. పోటీ ముగిసేసరికి ఆయనా, విల్లీ మక్‌ఫార్లేన్ అనే వృత్తి ఆటగాడూ 291 దెబ్బలతో సమానంగా నిలిచారు. విజేతను తేల్చడానికి ఆడించిన 18 గుంటల ప్లేఆఫ్‌లో ఇద్దరూ 75 వద్ద మళ్లీ సమానమయ్యారు. మరో 18 గుంటలు ఆడించగా మక్‌ఫార్లేన్ 72తో గెలిచారు, జోన్స్ 73తో ఓడిపోయారు. ఆ ఒక్క దెబ్బ వేసుకోకుండా ఉంటే ప్లేఆఫ్ అవసరమే పడేది కాదు. జనం పొగడబోతే, బ్యాంకు దోచుకోనందుకు మనిషిని మెచ్చుకున్నట్టుంది మీ వరస అని ఆయన చిరాకుపడ్డారట.

ఇది చదివిన రోజు నాకు నిద్ర సరిగా పట్టలేదు. కాలేజీలో మేము బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లం. ఒక పోటీలో బయటకు పోతున్న పసుపు ఉన్ని బంతి నా రాకెట్టు అంచును తాకింది. చప్పుడు కూడా కాలేదు. అంపైరు పాయింటు మాకిచ్చారు. నేను తల వంచుకొని సర్వీసుకు సిద్ధమయ్యాను. పక్కన ఆడుతున్న మిత్రుడు నావైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆ ఆట గెలిచామో ఓడామో గుర్తులేదు గాని, ఆ చూపు గుర్తుంది.

జోన్స్ విజయాల పట్టిక పెద్దది. 1923 నుంచి 1930 వరకు, ఆ రోజుల లెక్కలో, 13 ప్రధాన పోటీలు గెలిచారు. 1922 మొదలు ఆడిన తొమ్మిది అమెరికా ఓపెన్‌లలో నాలుగుసార్లు ప్రథమ స్థానం, నాలుగుసార్లు ద్వితీయ స్థానం. 1930లో సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ అమెచ్యూర్, హోయ్‌లేక్‌లో బ్రిటిష్ ఓపెన్, ఇంటర్‌లాకెన్‌లో అమెరికా ఓపెన్, మెరియన్‌లో అమెరికా అమెచ్యూర్ వరుసగా గెలిచి, నాలుగింటినీ ఒకే ఏడాది గెలిచిన ఏకైక ఆటగాడయ్యారు. ఇదంతా వకాలతు నడుపుకుంటూ చేసిన పని. పోటీల ఒత్తిడికి తిండి సహించక ఆయన బరువు కోల్పోయేవారు. ఆ ఏడాది నవంబరులో, 28వ ఏట, పోటీల నుంచి విరమించుకొన్నారు. ఆ తరువాత వార్నర్ బ్రదర్స్ వారికి ఆట నేర్పే లఘుచిత్రాలు చేసి, స్పాల్డింగ్ కంపెనీకి కర్రలు రూపొందించి, బాగానే సంపాదించారు. ఔత్సాహిక హోదాను దాచిపెట్టుకొని సంపాదించలేదు, వదులుకొని సంపాదించారు. నాకు ఇది కూడా నచ్చింది.

ఔత్సాహికుడన్న పేరుకే లొంగిపోతే ప్రమాదం. సరిగ్గా ఆ 1930-31లోనే మా ఊరి మహారాజకుమార్, క్రికెట్‌లో అందరికీ తెలిసిన విజ్జీ, హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండు మేటి బ్యాట్స్‌మన్లను సొంత ఖర్చుతో రప్పించి తన జట్టులో ఆడించారు. ఆ ఔదార్యం సామాన్యమైనది కాదు. కాని ఆ పలుకుబడితోనే 1936లో భారత జట్టుకు కెప్టెనై ఇంగ్లండు వెళ్లి, ఆడిన 3 టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశారు. ఆయనా డబ్బు పుచ్చుకోని ఆటగాడే. మన దేశపు గోల్ఫులో ఈ మాటకు మరో కోణం కూడా ఉంది. ఇండియన్ ఓపెన్‌ను గెలిచిన మొదటి భారతీయుడు 1965లో పి.జి. సేఠీ, ఆయన ఔత్సాహికుడు. రెండవవారు 1991లో అలీ షేర్. ఇతరుల సంచులు మోసే క్యాడీగా మొదలైన ఆయన ఆటనే వృత్తిగా ఎందుకు ఎంచుకున్నారని అడగవలసిన అవసరం లేదు.

జోన్స్ స్థాపించిన అగస్టా నేషనల్ క్లబ్బు విషయంలోనూ నాకు సంకోచం ఉంది. ఒకప్పటి మొక్కల తోటను అందమైన మైదానంగా తీర్చి, 1934లో మాస్టర్స్ పోటీని ఆయన ప్రారంభించారు. కాని ఆ క్లబ్బు 1990 వరకు నల్లజాతి సభ్యుని, 2012 వరకు మహిళను చేర్చుకోలేదు. తన మీద ఒక దెబ్బ వేసుకొన్న మనిషికి ఈ సంగతి ఎందుకు కనిపించలేదో నాకు అంతుచిక్కదు.

1948 తరువాత ఆయన మళ్లీ గోల్ఫు ఆడలేదు. వెన్నుపాములో తిత్తి పెరిగి నరాలను నొక్కే సిరింగోమైలియా అనే వ్యాధి కాళ్లనూ చేతులనూ క్రమంగా లాగేసుకుంది. మొదట చేతికర్రలు, తరువాత చక్రాల కుర్చీ. 1958లో సెయింట్ ఆండ్రూస్ వారు ఆయనకు పుర పౌరసత్వం ఇచ్చారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తరువాత ఆ గౌరవం పొందిన మొదటి అమెరికన్ ఆయనే. తన జీవితంలోంచి సెయింట్ ఆండ్రూస్ అనుభవాలు తప్ప మిగిలినవన్నీ తీసేసినా అది నిండు జీవితమేనని ఆ సభలో అన్నారు. 1971 డిసెంబరు 18న కన్నుమూశారు. అక్కడి ఓల్డ్ కోర్సులో పదవ గుంటకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. 1921లో ఆయన బంతిని చేతిలోకి తీసుకొని వెనుదిరిగినది దాని తరువాతి గుంట దగ్గర.