పని హైదరాబాద్‌కు, పిటిషన్ వాషింగ్టన్‌కు: టీఏఏతో నా అనుభవం

దిగుమతుల వల్లో, పని విదేశానికి తరలడం వల్లో ఉద్యోగం పోయినవాళ్లకు శిక్షణ, భృతి ఇచ్చే అమెరికా ప్రభుత్వ పథకం ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్, అంటే టీఏఏ. అది ఇప్పుడు కొత్తవాళ్లకు లేదు. 2022 జూలై 1 నుంచి కార్మిక శాఖ కొత్త పిటిషన్లు తీసుకోవడం లేదు, పెండింగ్‌లో ఉన్నవాటినీ తేల్చడం లేదు. సర్టిఫికేషన్ (మీ ఉద్యోగుల గుంపుకు అర్హత ఉందని శాఖ ఇచ్చే ధ్రువీకరణ) ఉండి, 2022 జూన్ 30 లోపు ఉద్యోగం పోయినవాళ్లకే ఏమైనా మిగిలి ఉంటుంది. నేను కింద చెప్పే నియమాలన్నీ 2015 నాటి టీఏఏ చట్టం నడిచినప్పటివి. కంపెనీ మా సపోర్ట్ పనిని హైదరాబాద్ టీమ్‌కు ఇచ్చేసింది; లేఆఫ్ అయిన ముగ్గురం పిటిషన్ వేశాం.

ముగ్గురం అనడం ఊరికే కాదు. అప్పట్లో కార్మికులు వేస్తే ఒకే సంస్థలోని ముగ్గురైనా సంతకం పెట్టాలి. యూనియన్, కంపెనీ, రాష్ట్ర అధికారులు కూడా వేయొచ్చు. ఉద్యోగం పోయిన ఏడాదిలోపే వేయాలి.

ఫారం చిన్నదే. బోల్తా పడేది 'మీ సంస్థ ఏ వస్తువు తయారుచేస్తుంది, ఏ సేవ అందిస్తుంది' అనే గడి దగ్గర. మేం మొదట 'ఐటీ' అని రాసి కొట్టేశాం. 'పేరోల్ అప్లికేషన్‌కు రెండో స్థాయి సపోర్ట్. ఫలానా నెలలో కేటీ సెషన్లు మొదలు. ఫలానా తేదీ నుంచి టికెట్లన్నీ హైదరాబాద్ క్యూలోకి' అని మళ్లీ రాశాం. కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, మన పనిని కొత్త టీమ్‌కు నేర్పి అప్పగించడం; ఐటీలో ఉన్న మనవాళ్లకు చెప్పక్కర్లేదు కదా! పని ఏది, ఎక్కడికి, ఎప్పుడు వెళ్లిందన్నదే అందులో కనిపించాలి. రుజువు చేసే భారం మనది కాదు. దర్యాప్తు అధికారి కంపెనీకి ప్రశ్నపత్రం పంపుతాడు, అవసరమైతే సమన్లూ ఇస్తాడు. చట్టంలో గడువు 40 రోజులు.

శాఖ చూసే లెక్క: 50 మందికి తక్కువ ఉన్న చోట కనీసం ముగ్గురు, అంతకన్నా పెద్ద చోట 5 శాతం లేదా 50 మంది, రెండిట్లో ఏది తక్కువైతే అంతమందికి ఉద్యోగాలు పోవాలి, లేదా పోయే ప్రమాదం ఉండాలి. దానికి కారణం దిగుమతులో, పని విదేశానికి తరలడమో కావాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ దారి సులువుగా తెరుచుకోలేదు. వస్తువులు తయారుచేసేవాళ్లకే అర్హత ఉన్న రోజుల్లో, డిస్కులో రాని సాఫ్ట్‌వేర్ 'వస్తువు' కాదని శాఖ పిటిషన్లు కొట్టేసేది. కోర్టు కేసుల తర్వాత 2006లో వైఖరి మార్చుకుంది. సేవారంగం లోపలికి వచ్చింది 2009 సవరణతో.

కన్సల్టెన్సీ పేరోల్ మీద క్లయింట్ దగ్గర పనిచేసినవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. పని వేళలు, పర్యవేక్షణ క్లయింట్ చేతిలో ఉంటే వాళ్లూ ఆ గుంపులోకే వస్తారు. కానీ సర్టిఫికేషన్‌లో ఆ ఏజెన్సీ ప్రస్తావన లేకపోతే రాష్ట్ర కార్యాలయం వెనక్కి పంపేస్తుంది, సవరణ అడగాల్సి వస్తుంది. కాబట్టి పిటిషన్‌లోనే ఏజెన్సీల పేర్లు రాసేయడం మేలు.

సర్టిఫికేషన్ వచ్చిందంటే గుంపు పాసైనట్టు, మనం కాదు. ఎవరికి వాళ్లు రాష్ట్ర కార్యాలయంలో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. టీఆర్ఏ అనే వారపు భృతికి, లేఆఫ్‌కు ముందు 52 వారాల్లో కనీసం 26 వారాలు ఆ ఉద్యోగంలో ఉండాలి, వారానికి 30 డాలర్లైనా వచ్చి ఉండాలి, నిరుద్యోగ భృతి అయిపోయి ఉండాలి. శిక్షణ పూర్తిచేసేవాళ్లకు టీఆర్ఏ, నిరుద్యోగ భృతితో కలిపి 130 వారాల వరకు సాగేది. 50 దాటినవాళ్లు తక్కువ జీతానికి చేరితే, కొత్త జీతం ఏడాదికి 50,000 డాలర్లు దాటనంత వరకు, పాత, కొత్త జీతాల తేడాలో సగం ఇచ్చేవారు. రెండేళ్లలో 10,000 డాలర్లు మించదు.

ఎక్కువమంది చేజార్చుకున్నది టీఆర్ఏకు సంబంధించిన 26 వారాల గడువు. సర్టిఫికేషన్, లేఆఫ్ రెండిట్లో ఏది తర్వాతైతే అక్కడి నుంచి 26వ వారం ముగిసేలోపు శిక్షణలో చేరాలి, లేదా శిక్షణ నుంచి మినహాయింపు కాగితం చేతిలో ఉండాలి. 'ముందు ఉద్యోగం వెతుకుదాం, కుదరకపోతే చదువు చూద్దాం' అనుకుంటే క్యాలెండర్ ఆగదు. అలాగని తొందరపడి సొంత డబ్బుతో కోర్సు కట్టేస్తే అదీ ఇబ్బందే: అనుమతికి ముందు కట్టిన ఫీజు సాధారణంగా తిరిగి రాదు. అనుమతి పత్రంలోని తేదీ ముందు, కాలేజీ రసీదులోని తేదీ తర్వాత ఉండాలి.