నాన్న ప్లేట్లో చేప

నాన్నకి రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎక్కువుందని డాక్టర్ మందులతో పాటు వారానికి రెండుసార్లు చేప తినమన్నారు, అప్పటి నుంచి మా ఇంట్లో దాని గురించే మాటలు. సార్డిన్, మాకెరెల్, సాల్మన్ లాంటి కొవ్వున్న చేపల్లోని ఒమేగా-3 అనే మంచి కొవ్వు లివర్‌లో ట్రైగ్లిజరైడ్స్ తయారీని తగ్గిస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పేదీ వారానికి రెండుసార్లే, ఒక్కోసారి వండిన చేప సుమారు 85 గ్రాములు.

నాన్నకి వేపుడంటే ప్రాణం, అయినా ఇప్పుడు ఆవిరి మీద ఉడికిన ముక్క మీద నిమ్మకాయ పిండుకుని, ముళ్లు ఒక్కొక్కటే వేళ్లతో తీసి పళ్లెం అంచున పెడుతూ నెమ్మదిగా తింటుంటే నాకెంత ధైర్యంగా ఉంటుందో! షార్క్, స్వోర్డ్‌ఫిష్‌లో పాదరసం ఎక్కువ, వాటి జోలికి పోం.

చేప బదులు ఒమేగా-3 క్యాప్సూల్స్ చాలవా అంటున్నారు కొందరు. 2018లో వచ్చిన వైటల్, అసెండ్ అనే రెండు పెద్ద క్లినికల్ ట్రయల్స్‌లో వాటివల్ల గుండెపోటు, స్ట్రోక్ లాంటివన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. డాక్టర్ని అడక్కుండా కొనకండి ప్లీజ్.