14 మిల్లీమీటర్లు దొరకాలంటే

రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదుకు దగ్గరగా ఉన్న 29 పల్లెలు. 1987–90 మధ్య వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు రోజూ మొక్కజొన్న-సోయా పిండి, సోయా నూనెతో చేసిన ఆహారం అందింది. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం ఇంకా రాలేదు. 2003–05లో, 13–18 ఏళ్ల వయసుకొచ్చిన ఆ పిల్లల్లో 1165 మందిని మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మి.మీ. ఎక్కువ పొడుగు. వాళ్ల రక్తనాళాల బిరుసు, ఇన్సులిన్ నిరోధకత (ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం) తక్కువ. తర్వాత అమ్మానాన్నల్ని, తోబుట్టువుల్ని కూడా కలుపుకుని అదే ఏపీక్యాప్స్ (ఆంధ్రప్రదేశ్ పిల్లల, తల్లిదండ్రుల) అధ్యయనమైంది. చీట్లు వేసి ఊళ్లను పంచలేదు కాబట్టి ఘనతంతా తిండికే కట్టబెట్టకూడదు.

14 మి.మీ. అంటే ఎంతని? కొప్పు విప్పించకుండా కొలత పలక దించితే చాలు, అంత తేడా అక్కడే పుడుతుంది. చెప్పులు విప్పించాలి, మడమలు ఆనించాలి, చూపు నేరుగా ఉండాలి. బీపీకి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మూడుసార్లు చూడాలి. మొదటిది మామూలుగా ఎక్కువే చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కూడా వస్తుంది. రక్తం పరగడుపున తీయాలి. "ఏమన్నా తిన్నారా" అంటే లేదంటారు; చాయ్ సంగతి విడిగా అడగాలి, చాయ్ తిండి కాదు కదా!

మధ్యలో పరికరం మారిస్తే మారింది మనిషో మిషనో తెలీదు. పాతదీ కొత్తదీ ఒకే మనుషుల మీద వాడి తేడా ఎంతో కట్టుకోవాలి.

అసలు కష్టం మనుషులు చేజారడం. ఆడపిల్లలు పెళ్లై వేరే ఊరు వెళ్తారు, ఇంటిపేరూ మారుతుంది. మగపిల్లలు పనికోసం పట్నం చేరతారు. ఊళ్లో మిగిలినవాళ్లనే కొలిస్తే వలస వెళ్లినవాళ్ల ఒంటి తీరు లెక్కలోకే రాదు. అందుకే తల్లి పేరు, పుట్టిన ఊరు, ఇద్దరు చుట్టాల ఫోన్లు మొదటిరోజే రాసుకోవాలి. బతుకమ్మకు, దసరాకు ఆడబిడ్డలు పుట్టింటికొస్తారు, కలవడానికి అదే అదను. కానీ పండగ మర్నాడే రక్తం తీస్తే ట్రైగ్లిజరైడ్లలో (రక్తంలోని ఒక రకం కొవ్వు) కనిపించేది పిండివంటలూ కల్లూ. రెండు మూడు రోజులు ఆగాలి, ఆమె అత్తారింటికి బయల్దేరకముందే.

పెద్దవాళ్ల వయసు ఇంకో తంటా. 50, 55, 60 అని గుండుగుత్తగా చెప్పేస్తారు. "ఇందిరమ్మ చనిపోయిన ఏడు మీ పెద్దోడు నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా" అని అడిగి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కకట్టాలి.