హ్యాండ్‌బ్రేక్ అడ్డం
మా వ్యాన్ ముందు సీట్లు వెనక్కి తిరిగేలా వాటి కింద తిరిగే ప్లేట్లు బిగిస్తున్నాం. డ్రైవర్ సీటు సగం తిరిగి టక్కున ఆగిపోయింది. చూస్తే హ్యాండ్‌బ్రేక్ అడ్డం.

ప్యాసింజర్ సీటు పని ఉదయమే అయిపోయింది. తుప్పు బోల్టులకు రాత్రే ఆయిల్ కొట్టి ఉంచాం కాబట్టి పెద్దగా ఏడిపించలేదు. సీటు కింద పసుపు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది. బ్యాటరీ వైరు తీసి కాసేపు ఆగాకే దాన్ని ముట్టుకోవాలి. సీటు తిరిగేటప్పుడు లాగేయకుండా ఆ వైరుకు కొంచెం వదులు కూడా ఉంచాలి. టెన్షన్ అంతా అక్కడే.

మా వ్యాన్ 2005 ఫోక్స్‌వాగన్ టీ5. వీటిలో ఈ హ్యాండ్‌బ్రేక్ గొడవ మామూలేనట, లివర్‌ను కాస్త కిందికి దించే బ్రాకెట్లు అమ్ముతారు. అది వచ్చేదాకా బండిని గేర్‌లో ఉంచి, చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టి, బ్రేక్ దించాకే సీటు తిప్పడం. వేల్స్ కొండల్లో, వానలో దిగి ఆ చెక్కముక్కలు పెట్టేది ఎవరో మీరే ఊహించుకోండి!

ఇంకోటి. కింద ప్లేటు చేరడంతో సీటు కాస్త ఎత్తు పెరిగింది. మా ఆయనకి తేడా తెలియలేదు. నా కాళ్లు మాత్రం నేలకు ఆనడం లేదు.

పీట కావాలంటే బడ్జెట్ అయిపోయిందంటున్నారు.